నా పళ్ళు నేనే తోముకుంటాను

జూన్ 9

ఎడమ చేత్తో రాస్తున్నాను. రోజూ ఏదో ఒకటి రాయమని ఫిజియోథెరపీ మేడం చెప్పింది. ఏం రాయాలంటే, ఏదైనా సరే, ఎవరికీ చూపించక్కర్లేదు అంది. ఇంతవరకు రాసేసరికి అరగంట పట్టింది. చాలు.

జూన్ 10

ఈరోజు కూడా వదినె వేలు.

జూన్ 12

అక్షరాలు కొంచెం నిలబడుతున్నాయి. ఆ వేలు సంగతి రాస్తాను. ఇంకెక్కడా చెప్పుకోలేను.

పొద్దున్నే వదినె నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెడుతుంది. నోరు తెరువు అంటుంది. పళ్ళపొడి అద్దిన చూపుడువేలు లోపల పెట్టి, చింతపండుతో చెంబు తోమినట్టు తోముతుంది. ఎడమవైపు తోమితే తెలుస్తుంది. కుడివైపు ఏమీ తెలియదు. పెదవి, చెంప, చిగురు, నాలుకలో సగం, అన్నీ జనవరిలో పక్షవాతం వచ్చిన రోజే మొద్దుబారిపోయాయి. ఆమె మోచెయ్యి కదులుతుంటే, ఓహో కుడివైపు తోముతోంది అనుకుంటాను. తిన్న అన్నం ఆ చెంపలో ఉండిపోయినా నాకు తెలియదు. వదినె దాన్ని వేలితో ఊడ్చి తీసి అరచేతిలో పెట్టి చూపిస్తుంది.

"సూడు, నిన్నటి పప్పు" అంటుంది.

పద్దెనిమిదేళ్ళు సిరొంచ నుంచి అహేరి బస్సులో టికెట్లు కొట్టాను. తాగి ఎక్కి ఆడవాళ్ళ మీద పడేవాళ్ళను కాలర్ పట్టుకుని అడవి మధ్యలో దింపాను. ఇప్పుడు నిన్నటి పప్పు చూస్తున్నాను.

వదినె మంచిది. అదీ రాయాలి. మా ఆయనకు అక్క. పేరు భూదేవి. నాకు ఇలా అయిందని తెలియగానే నాగేపల్లిలో తన ఇంటికి తాళం వేసి వచ్చేసింది. రాయమల్లు పొలానికి పోతే నన్ను లేపేది, కూర్చోబెట్టేది ఆమే.

మా ఆయన పేరు రాసేశాను. ఎవరు చూడొచ్చారు.

జూన్ 14

మంచిర్యాల పోయి వచ్చాం. పళ్ళ డాక్టరు దగ్గరికి. ఏప్రిల్‌లో నిమోనియా వచ్చి పదకొండు రోజులు చంద్రాపూర్ దవాఖానలో ఉన్నప్పుడు అక్కడి డాక్టర్లు గట్టిగా చెప్పారు. నోట్లో కుళ్ళినదే ఊపిరితిత్తుల్లోకి దిగిందని, పళ్ళు చూపించుకోమని. అప్పటి నుంచి రాయమల్లుకు భయం. నేను దగ్గితే చాలు, తింటున్న కంచం వదిలి లేస్తాడు.

డాక్టర్ పేరు అజయ్‌కుమార్. కుర్రాడే. నా నోట్లో లైటు వేసి చూస్తూ రాయమల్లుతో మాట్లాడాడు.

"కుడి దిక్కు కింది దవడ పండ్లు నాలుగు ఖరాబైతున్నయి. ఆమె తోముకోలేదు, ఇంకొకరు ఎంత తోమినా అంత లోపలికి అందది. ఉంచితే మల్ల నిమోనియా రావచ్చు. తీసేసుడే మంచిది."

"తీసెయ్యుర్రి సారు. పండ్లదేముంది, పానం ముఖ్యం" అన్నాడు రాయమల్లు.

"ఎట్లైన గా దిక్కు నములుత లేదు" అంది వదినె. "తీసేస్తే నాకు తోముడు గూడ సులువైతది."

ముగ్గురూ మాట్లాడుకున్నారు. పళ్ళున్న నోరు మధ్యలో తెరుచుకుని ఉంది.

వద్దు అన్నాను. "వొ" అని ఏదో శబ్దం వచ్చింది. ఎవరూ వినలేదు. నర్సు సూదిమందు తీసింది. అప్పుడు నోరు మూసేశాను.

"తెరువమ్మా" అన్నాడు డాక్టరు.

తెరవలేదు.

"ఏందే, చిన్నపిల్లవా? సారుకు వేరే పేషెంట్లున్నరు" అన్నాడు రాయమల్లు. వదినె గడ్డం పట్టుకుంది. కుడివైపు పెదవి మూసుకుందో లేదో నాకు తెలియదు. అందుకని ఎడమ అరచేతితో నోరంతా కప్పేసుకున్నాను. నా చేతిని లాగడానికి వదినెకు బలం చాలలేదు.

చివరికి డాక్టరు సూది పక్కన పెట్టాడు. నేను మూడు వేళ్ళు చూపించాను. మూడు అనే మాట నా నోటికి బాగానే వస్తుంది. నెలలు అనేది కష్టం. రెండుసార్లు చెప్పాను.

అతను మొదటిసారి నా మొహం చూశాడు.

"మూడు నెలలల్ల ఏం జేస్తవమ్మా?"

"తోముకుంటా."

"ఎవరు?"

"నేను."

అతను గోడ మీది క్యాలెండర్ చూశాడు. సెప్టెంబరు రెండో వారంలో రమ్మన్నాడు. రెండు పూటలా నోరు శుభ్రంగా ఉండాలి. మధ్యలో జ్వరం వస్తే ఆ రోజే దవాఖానకు పోవాలి. అప్పటికీ ఇలాగే ఉంటే మారు మాట్లాడకుండా నాలుగూ తీయించుకోవాలి. ఒప్పుకున్నాను.

జూన్ 15

రాయమల్లు మాట్లాడటం లేదు. మంచిదే.

జూన్ 17

మామూలు బ్రష్షు ఎడమ చేత్తో పట్టుకుని చూశాను. వెనక్కి పొమ్మంటే చెయ్యి పైకి పోయింది. పేస్టు ముక్కులోకి పోయింది. నలభై ఏడేళ్ళుగా కుడిచెయ్యి చేసిన పని ఎడమచేతికి ఎవరూ నేర్పలేదు.

"ఇగ అయిందా? నోరు తెరువు" అంది వదినె.

తెరిచాను.

జూన్ 20

ప్రణాలి ఫోన్ చేసింది. నాగ్‌పూర్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది నా బిడ్డ. దానికి నా మాటలు ఫోన్లో సరిగా అర్థం కావు. వీడియోలో పెదవులు చూసి పోల్చుకుంటుంది.

"అమ్మా, కరెంటు బ్రష్షులుంటయి గదా. దాన్ని పన్ను మీద పెట్టుడే నీ పని. తోముడు దాని పని."

మంచం మీద పడుకున్న రాయమల్లు లేచి కూర్చున్నాడు. "పండ్లు తోముకోనీకి గూడ కరెంటా? రేపు బువ్వ నమలనీకి మోటర్ పెడుదురు."

"నా ఏలు ఏం పాపం జేసింది?" అంది వదినె.

"తెప్పియ్" అన్నాను ప్రణాలితో. ఆ మాట తేటగా వచ్చింది.

"ఎసొంటిది కావాలె?"

"మంచిది."

జూన్ 28

వచ్చింది. తెల్లగా, సన్నగా, పెళ్ళికూతురి చెయ్యిలా ఉంది. అయిదు రకాలుగా తిరుగుతుందట. ఫోనుకు కూడా కలుస్తుందట, మనం ఎలా తోమామో చెబుతుందట. చాలా బాగుంది.

జూన్ 29

నోట్లో పెట్టకముందే నొక్కాను. పేస్టు గోడ మీద, అద్దం మీద, వదినె ఉతికి ఆరేసిన చీర మీద. ఆపుదామని మళ్ళీ నొక్కితే ఇంకా జోరుగా తిరిగింది. మళ్ళీ నొక్కితే మెల్లగా. అయిదు రకాలూ తిరిగాక గానీ ఆగదు. వదినె నవ్వలేదు. తిట్టనూ లేదు. చీర మళ్ళీ ఉతికింది.

జూన్ 30

బాగానే ఉంది. అలవాటు కావాలి.

జూలై 1

ఉమ్మితే ఎర్రగా ఉంది. పేస్టు రంగు.

జూలై 2

పేస్టు రంగే.

జూలై 3

బాగానే ఉంది.

జూలై 4

మా పేస్టు తెల్లది.

పొద్దున వదినె నా జాకెట్టు మీద మరకలు చూసింది. దవడ పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. కుడివైపు చిగురు గోరంత మేర తెగి ఉందట. అయిదు రోజులుగా అదే చోట బ్రష్షు ఒత్తిపెట్టి ఉంచానట. నాకేం తెలుసు. నొప్పి ఉంటేగా తెలిసేది.

"నీకు సోయి ఉన్నదా?" అని గట్టిగా ఏడ్చింది వదినె. బ్రష్షు తీసుకుపోయి ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టింది. తిరిగొచ్చి పీట వేసింది. "ఇగ నీ మాట వినేది లేదు. నోరు తెరువు."

తెరవలేదు. ముక్కు మూసింది. ఊపిరి కోసం నోరు తెరిచాను. వేలు లోపలికి వచ్చింది.

కొరికాను.

ఎడమవైపు పళ్ళతో. అవి నేను చెప్పినట్టు వింటాయి.

జూలై 5

పొద్దుటి బస్సుకు వదినె నాగేపల్లి పోయింది. చేతికి గుడ్డ కట్టుకుంది. నాకేం బాధ లేదు.

జూలై 6

నాకేం బాధ లేదు.

జూలై 7

రాయమల్లు పొద్దున గంజి వార్చి, కూర చేసి, నా ముందు పెట్టాక అన్నాడు.

"ఐదు నెలలు నిన్ను ఎత్తింది, దించింది. కుక్క గూడ బువ్వ పెట్టిన చెయ్యి కొరుకది."

నేను చెప్పాల్సింది చాలా ఉంది. చెప్పడానికి పొద్దంతా పడుతుంది, ఆయన పొలానికి పోవాలి. తినేశాను. పోయేముందు ట్రంకు పెట్టె తాళం తీసి, బ్రష్షు కిటికీలో పెట్టి పోయాడు.

దాన్ని ముట్టుకోలేదు. నా చూపుడువేలికి తడిగుడ్డ చుట్టుకుని నేనే తుడుచుకున్నాను. వేలే కావాలంటే నాకూ ఉంది.

జూలై 9

తప్పు బ్రష్షుది కాదు. నాదీ కాదు. మంచిది కావాలన్నాను, మంచిదే వచ్చింది. నాకు పనికొచ్చేది కావాలని అడగలేదు.

డిపోకు కొత్త టికెట్ మెషిన్లు వచ్చినప్పుడూ ఇంతే. ఆఫీసులో అందరూ చూసి మెచ్చుకున్నారు. జిమలగట్ట దాటాక గోతుల్లో బస్సు ఎగురుతుంటే, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని ఒక చేత్తో దాన్ని నొక్కాల్సింది మేము. వాటి బటన్లు ఎంత చిన్నవో మాకే తెలిసింది.

ఈరోజు ఇంట్లో ఉన్నవన్నీ ఎడమచేత్తో పట్టుకుని చూశాను. పెన్ను జారింది. గరిటె తిరిగిపోయింది. చపాతీ కర్ర బరువు. రాయమల్లు పొలానికి పట్టుకుపోయే టార్చి సరిగ్గా కుదిరింది. రబ్బరు పట్టు ఉంది, గుప్పిట నిండుతుంది, బటన్ ఉబ్బెత్తుగా ఉంది కాబట్టి చూడకుండానే బొటనవేలికి దొరుకుతుంది. మధ్యాహ్నం ప్రణాలికి వీడియో చేసి టార్చి చూపించాను.

"ఇట్లాంటిది."

అది నవ్వలేదు. కాగితం తీసుకుంది. ఒక్కొక్కటే అడిగింది. నేను చెప్పాను. అర్థం కానివి మళ్ళీ చెప్పాను. ఒకటే బటన్ ఉండాలి, నొక్కితే తిరగాలి, నొక్కితే ఆగాలి. ఫోనుతో పని లేదు. తల చిన్నగా, గుండ్రంగా ఉండాలి, చివరి పన్ను వెనక్కి అందాలి. కుచ్చు మెత్తటిది. వానలొస్తే మాకు కరెంటు రెండేసి రోజులు ఉండదు, ఒకసారి ఎక్కిస్తే రెండు వారాలు రావాలి. కుచ్చు అరిగితే ఇక్కడ ఏ దుకాణంలో దొరుకుతుంది, విడి తలలు డబ్బాలోనే ఉండాలి.

"అమ్మా, ఇంకొకటి" అంది ప్రణాలి. "నీకు గా దిక్కు స్పర్శ లేదు. ఎంత ఒత్తుతున్నవో నీకెట్ల ఎర్క? ఎక్కువ ఒత్తితే ఎర్ర లైటు వెలిగేది ఉంటది. అది సూసుకుంట తోముకోవాలె."

"ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఎసొంటిది కావాల్నో ముందే ఎందుకు చెప్పలే?"

నా బిడ్డే.

పాత బ్రష్షు తనకే పంపించమంది ప్రణాలి. దాని చేతులు బాగున్నాయి, దానికి పనికొస్తుంది.

జూలై 13

రాయమల్లు నన్ను చూడకుండా అడిగాడు. "నేను తోమన్నా?"

వద్దన్నాను.

"అక్క ఫోన్ ఎత్తుత లేదు" అన్నాడు.

నాకేం బాధ లేదని రాయబోయాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు. ఇక్కడ కూడా ఎందుకు?

జూలై 18

నాలుగు రోజులుగా వాన. బ్రష్షు అహేరి దాకా వచ్చి ఆగిపోయింది. వాగులు దిగేదాకా సిరొంచ వైపు బండి రాదట, శనివారం లోపు వచ్చి తీసుకోకపోతే వెనక్కి పంపేస్తారట.

రాయమల్లుకు నాట్లు. కూలీలను మాట్లాడి పెట్టాడు. "పోతే పోనీ, మల్ల తెప్పిద్దాం."

మళ్ళీ తెప్పించేసరికి ఆగస్టు సగం అవుతుంది. అప్పటికి నా నోట్లో ఎన్ని మిగులుతాయి?

"నేను పోత."

"ఒక్కదానివే? బస్సెక్కుతవా?"

"గా బస్సు నాది" అన్నాను.

ఆయనకు మొత్తం అర్థమైంది. మళ్ళీ చెప్పే పని పడలేదు.

జూలై 21

ఇంటికి వచ్చాను. అన్నీ రాయాలి. మధ్య మధ్య చెయ్యి ఆపుకుంటూ రాస్తాను.

శుక్రవారం వాగు దిగిందని, బస్సు పోతోందని తెలిసింది. రాయమల్లు బస్టాండు దాకా వచ్చాడు. మెట్ల దగ్గర నా నడుము పట్టుకోబోతే వద్దన్నాను. ఎడమచేత్తో రాడ్డు పట్టుకున్నాను. ఎడమకాలు ముందు, కుడికాలు దాని వెనక. మూడు మెట్లు. నా వెనక ఎక్కేవాళ్ళు గొణిగారు. పద్దెనిమిదేళ్ళు ముసలివాళ్ళను జల్ది ఎక్కమని అరిచినదాన్ని నేనే.

కండక్టర్ ఉమేష్. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నన్ను అక్కా అని మరాఠీలో పిలుస్తాడు.

"తాయీ, నా సీట్ల కూసోర్రి."

"నీ సీటు నీదే" అన్నాను. కిటికీ పక్కన కూర్చున్నాను.

రేపనపల్లి దగ్గర జంగుబాయి ఎక్కింది. కమలాపూర్ ఆమె. వారానికోసారి అంగడికి పోయేది. ఈసారి వెదురు లేత మొలకలు గంపలో పెట్టుకుంది. నన్ను చూసి గంప నా కాళ్ళ మీదే దింపింది.

"కండక్టరమ్మా! ఇన్నొద్దులు ఏడబోయినవ్?"

చెప్పాను. నాకే అర్థం కాని కూత ఏదో వచ్చింది.

ఆమె చెవి నా నోటి దగ్గర పెట్టింది. "మల్ల చెప్పు. బస్సు సప్పుడు."

మళ్ళీ చెప్పాను.

"ఇంకోపారి."

మూడోసారి చెబితే పట్టుకుంది. "పక్షవాతమా? అయ్యో. ఇప్పుడు ఎటు?"

ఆరు నెలల్లో నన్ను మళ్ళీ చెప్పమన్న మనిషి లేదు, ప్రణాలి తప్ప. అందరికీ జాలి ఎక్కువ. నేను మొదలుపెట్టిన మాట వాళ్ళే ముగించేస్తారు. జంగుబాయికి తొందరేమీ లేదు. ఆలపల్లి దాకా అడుగుతూనే ఉంది, చెబుతూనే ఉన్నాను. దిగేటప్పటికి గొంతు నొచ్చింది.

అహేరిలో పార్శిల్ ఆఫీసు అబ్బాయి ఆధార్ కార్డు తీసుకుని సంతకం పెట్టమన్నాడు. ఎడమచేత్తో పెట్టాను.

"ఇది కార్డు మీది సంతకంలెక్క లేదు మేడం. ఇంట్ల ఇంకెవర్నన్న పంపుర్రి."

"చెయ్యి మారింది" అన్నాను. "మనిషి మారలే."

అతనికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఇంకోసారి చెప్పాను. నా వెనక లైను పెరిగింది. నేను కదల్లేదు. కార్డు మీది ఫోటో చూశాడు, నన్ను చూశాడు, డబ్బా తెచ్చి ఇచ్చాడు.

తిరుగు బస్సు మరుసటి రోజుకే. ఇది నాకు ఇంట్లోనే తెలుసు. రాయమల్లుకు చెప్పలేదు.

ఆటోలో నాగేపల్లి పోయాను. వదినె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నన్ను చూసి లేచింది. నా వెనక చూసింది, తమ్ముడు ఉన్నాడేమో అని.

"ఒక్కదానివే వచ్చినవా?"

"ఏలు చూపియ్" అన్నాను.

చూపించలేదు. నేనే పట్టుకుని చూశాను. పుండు మానింది. నా పంటి గుర్తు అర్ధచంద్రంలా మిగిలింది. చూపుడువేలు పూర్తిగా ముడుచుకోదట ఇప్పుడు. చిక్కుడుకాయలు బొటనవేలితో, నడిమివేలితో తుంచుతోంది.

"కొరుకుడు తప్పే" అన్నాను. చాలా సేపు పట్టింది ఆ మాట రావడానికి. నోటి వల్ల కాదు.

వదినె పీట వేసింది. నీళ్ళిచ్చింది. తను కింద కూర్చుని, చిక్కుడుకాయలు చూస్తూ చెప్పింది.

"మీ అన్నకు గూడ గిదే రోగం. నువ్వు అప్పుడు డ్యూటీల మీద ఉంటివి, ఒక్కపారి వచ్చి సూసి పోయినవ్. నాలుగు నెలలు మంచంల ఉండె. నోరు కడుగుత అంటే మొకం తిప్పుతుండె. ఎందుకులే, మనిషికి కష్టమైతున్నది అని ఊకున్న. ఆఖరుకు నోరంత పుండు. నీళ్ళు గూడ దిగలే. డాక్టర్ అందరి ముంగట నన్నే తిట్టిండు, మొగని నోరు సూసుకోవా అని." ఒక కాయ తుంచింది. "నువ్వు నోరు మూసినప్పుడల్ల నాకు ఆయనే యాదికొచ్చిండు. ఇగ ఊకోవద్దనుకున్న."

వదినె మొగుడు ఐలన్న సంగతి అంతా నాకు తెలుసనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నాకు చెప్పకపోతివి" అన్నాను.

"ఏమని జెప్పాలె?"



"వదినే, నాకు మంచే చేసినవ్. కాని నోరు నాది."

"ఎవరు కాదన్నరు?" అంది కోపంగా. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. "తియ్, ఆ డబ్బల ఏమున్నదో సూద్దాం."

లావుగా, నల్లటి రబ్బరు పట్టుతో, ఏ అందమూ లేకుండా ఉంది. కరెంటు ఉంది, ఛార్జింగ్ పెట్టాం. పొద్దు వాలుతుండగా వాకిట్లో పీట వేసుకున్నాను. వదినె అద్దం తెచ్చి నా ఎదురుగా పట్టుకుని నిలబడింది. రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకుంది. దాన్ని ఆపుకోవడం ఆమెకు ఎంత కష్టంగా ఉందో కనిపిస్తూనే ఉంది.

ముందు పన్ను మీద పెట్టాను, పెదవులు మూశాను, అప్పుడు నొక్కాను. తల అదే తిరిగింది. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఒక పన్ను మీద ఆపడం, పక్కదానికి జరపడం. ఎడమవైపు అంతా గిలిగింత. కుడివైపుకు పోతే దవడ ఎముకలో ఎక్కడో బోరుబండి పోతున్నట్టు చప్పుడు మాత్రం తెలిసింది.

"ఎర్రగైంది! తియ్, తియ్!" అరిచింది వదినె.

చెయ్యి వదులు చేశాను. లైటు ఆరింది.

"ఆ. ఇప్పుడు మంచిగున్నది. జర ఎనుకకు. ఇంకా ఎనుకకు."

నోట్లో నీళ్ళు పోసుకుని ముందుకు వంగి ఉమ్మేశాను. తెల్లగా ఉంది. పేస్టు రంగే.

జూలై 22

వదినె నాతో రాలేదు. నాకు నా ఇల్లున్నది, నీకు నీ నోరున్నది అంది. శనివారం శనివారం ఫోన్ చేస్తానంది.

రాయమల్లు నేను వచ్చిన దగ్గర నుంచీ తిడుతూనే ఉన్నాడు. చెప్పకుండా అక్కడే ఉండిపోయినందుకు. బస్టాండులో మూడుసార్లు వెతికాడట. తిడుతూనే గోడకున్న అద్దం మేకు పీకి, నేను పీట మీద కూర్చుంటే కనబడేంత కిందికి కొట్టాడు.

జూలై 30

ఉప్పెనలా వాన. మూడు రోజులుగా కరెంటు లేదు. బ్రష్షు తిరుగుతూనే ఉంది.

ఆగస్టు 6

పేస్టు మూత ఒక చేత్తో రావడం లేదు. మోకాళ్ళ మధ్య పెట్టి తిప్పుతున్నాను. ఈరోజు ఎర్ర లైటు నాలుగుసార్లు. నిన్న తొమ్మిది.

ఆగస్టు 7

బద్ధకం. పొద్దున తోమలేదు. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకపోవడం ఎంత బాగుందో చెప్పలేను. మధ్యాహ్నం లేచి తోముకున్నాను.

ఆగస్టు 17

ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఉక్కపోత.

ఆగస్టు 18

ఉక్కపోత కాదు. పొద్దున వణుకు వచ్చింది. దుప్పటి కప్పుకుని రాయమల్లుకు కనబడకుండా పడుకున్నాను. జ్వరమని తెలిస్తే మంచిర్యాల తీసుకుపోయి నాలుగూ పీకిస్తారు. ఇంకా నెల కూడా లేదు గడువు.

చాలాసేపు అలాగే పడుకున్నాను. చిగురు తెగిన రోజులు గుర్తొచ్చాయి. పేస్టు రంగు, పేస్టు రంగు అని నేను రాసుకున్నది. లేచి రాయమల్లును పిలిచాను.

"జ్వరం."

ఆయన మొహం తెల్లబోయింది. బండి మీద తన వీపుకు నన్ను కండువాతో కట్టుకుని సిరొంచ దవాఖానకు తీసుకుపోయాడు. రక్తం తీశారు, ఛాతీ ఫోటో తీశారు. ఊపిరితిత్తులు తేటగా ఉన్నాయి. మలేరియా. ఆనందంతో ఏడ్చే మొగుణ్ణి మలేరియా వార్డులో మొదటిసారి చూశామంది నర్సు.

ఆగస్టు 25

జ్వరం తగ్గింది. అన్ని రోజులూ తోముకున్నాను, దవాఖాన మంచం మీద కూడా. పక్క మంచాలవాళ్ళు చూడ్డానికి వచ్చారు. చూడనీ.

సెప్టెంబర్ 12

మంచిర్యాల. వదినె కూడా వచ్చింది. నాగేపల్లి నుంచి తెల్లవారి బస్సుకే వచ్చి చేరింది.

డాక్టరు లైటు వేశాడు. నేనే తెరిచాను. చాలాసేపు చూశాడు, ఒక్కొక్క పన్నూ ఇనుప పుల్లతో తట్టాడు. చెంప లాగి లోపల చూశాడు.

"ఎవరు తోముతున్నరు?"

రాయమల్లు నోరు తెరవబోయాడు. వదినె తమ్ముడి చెయ్యి గిల్లింది. నేను చూశాను.

"నేనే" అన్నాను.

డాక్టరు స్టూలు నా వైపు జరుపుకున్నాడు. రాయమల్లు వైపు చూడలేదు.

"చిగురు మంచిగైందమ్మా. మూడు పండ్లు సిమెంటు నింపి నిలబెట్టొచ్చు. కాని చివరిది లోపలి నుంచే పోయింది. నువ్వు తోముడు మొదలువెట్టకముందే పోయింది అది. ఏమంటవ్?"

"చూపియ్యుర్రి."

చిన్న అద్దం లోపల పెట్టి, పెద్ద అద్దం నా చేతికిచ్చాడు. చూశాను. నల్లటి గుంట. మిగతా మూడూ పక్కన మెరుస్తున్నాయి. నాలుగూ మిగలాలని మొండిపట్టు పట్టుకుని వచ్చాను. తీయించుకోనని చెప్పే మాటలు బస్సులో అన్నీ కూర్చుకున్నాను. కానీ ఆ గుంటను నా కళ్ళతో చూశాను. దాన్ని ఉంచుకోవడంలో పట్టుదల ఏముంది?

"తియ్యుర్రి సారు" అన్నాను.

రాయమల్లు కుర్చీలోంచి లేచాడు. "ఏమే, నిజంగనా? వద్దంటే వద్దను. ఇంకో నెల టైం అడుగుదాం."

"నేనే తియ్యమంటున్న."

నర్సు సూది నింపింది. డాక్టరు నా చెంప పట్టుకున్నాడు. ఆ వైపు ఎలాగూ తెలియదు కాబట్టి నేను గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాను. సూది చిగురులోకి దిగింది.

అరిచాను.

వదినె పరుగెత్తుకొచ్చింది. రాయమల్లు డాక్టరు భుజం పట్టుకుని, "మెల్లగ సారూ, జర మెల్లగ!" అన్నాడు. డాక్టరు సూది వెనక్కి తీసి నన్నే చూస్తున్నాడు.

"ఏమైందమ్మా?"

కుట్టింది. కుడివైపు. చీమ కుట్టినంత. జనవరి నుంచి అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు అక్కడ నొప్పి ఉంది. నా నొప్పి. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నేను నవ్వుతున్నాను. వాళ్ళు ముగ్గురూ భయపడుతున్నారు. నోరు బాగా తెరిచి ఆ చోటు వేలితో చూపించాను.

"ఇంకోపారి గుచ్చుర్రి సారు" అన్నాను. "ఈడనే."